అమ్మకానికి లేని జనరేటరు

మా అత్తగారికి జనరేటరంటే ఏంటో తెలియదు. గేదెలంటే తెలుసు. అందువల్లే మేము జనరేటరును సరిగ్గా కొనగలిగాం. ఈ మాట అంటే మా ఇంట్లో మగవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీయండి. వాళ్లు ఎంచిన జనరేటర్లు ఎట్లా ఏడిశాయో కూడా చెబుతాను.

డెబ్బైల నాటి మాట. నా పుట్టిల్లు బాపట్ల, అత్తిల్లు రేపల్లె, ఏం కొనాలన్నా తెనాలి. నా బతుకంతా ఈ మూడు ఊళ్ల మధ్య బస్సుల్లోనూ, ప్యాసింజరు బళ్లల్లోనూ తిరిగింది. పిల్లలిద్దరూ బడికి వెళ్లడం మొదలుపెట్టాక ఇంట్లో ఊరికే కూర్చోవడం నా వల్ల కాలేదు. బాపట్లలో కోళ్ల పెంపకం మీద నెల రోజులు తరగతులు చెబుతున్నారని మా నాన్న ఉత్తరం రాస్తే, వెళ్లి నేర్చుకొచ్చాను. అక్కడే ఒకాయన వదిలించుకోవాలని చూస్తున్న గుడ్లు పొదిగే మిషను ఒకటి ఉంటే మా నాన్న నాకు ఇప్పించాడు.

మిషనంటే బీరువాలో సగం ఉండే చెక్క పెట్టె. లోపల వేడెక్కే తీగలు, ఒక చిన్న ఫ్యాను, తలుపుకున్న అద్దంలోంచి కనపడేలా ఒక థర్మామీటరు. నూట ఎనభై గుడ్లు పట్టేవి. గుడ్లు పెట్టి, రోజుకు మూడుసార్లు తిప్పుతూ, వేడి తగ్గకుండా చూస్తే ఇరవై ఒక్క రోజులకు పిల్లలు బయటికొస్తాయి. తరగతిలో అట్లాగే చెప్పారు. చెప్పినాయన ఊళ్లో కరెంటు పోయేది కాదేమో మరి. మా రేపల్లెలో పోయేది. పొద్దున కోత, మధ్యాహ్నం కోత, గాలి వీస్తే కోత, ఏమీ లేకపోయినా కోత.

మొదటి విడత గుడ్లు పదిహేడో రోజున పోయాయి. పొద్దున పోయిన కరెంటు మధ్యాహ్నం దాటినా రాలేదు. వేడి నీళ్ల చెంబులు పెట్టాం, గొంగళి కప్పాం, చివరికి లోపల లాంతరు పెడితే పొగ కమ్మేసింది. నాలుగు రోజులు ఆగి, ఆశ వదులుకుని, ఒక్కొక్క గుడ్డే పగలగొట్టి చూశాను. లోపల ముక్కు, రెక్కలు, గోళ్లు అన్నీ ఏర్పడిన పిల్లలు. వాటిని పెరట్లో నిమ్మచెట్టు పక్కన గుంట తీసి పూడుస్తూ వెక్కివెక్కి ఏడ్చాను. రెండో విడత పంతొమ్మిదో రోజున పోయింది. ఈసారి ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. కరెంటు స్తంభం కనపడితే తన్నాలనిపించింది.

ఇంటి పెద్ద మా బావగారు, అంటే మా ఆయన అన్న. ఆయన నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. ఆ రోజుల్లో చాలా ఇళ్లల్లో అంతే, తమ్ముడి భార్యతో ఏం చెప్పాలన్నా గోడకో, గుమ్మానికో, వాళ్ల అమ్మకో చెప్పేవారు. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని మా అత్తగారితో అన్నారు, నాకు వినపడేలా.

"అమ్మా, ఇంకొక్క విడత చూడమను. అదీ పోతే ఆ పెట్టెను ఎవరికైనా ఇచ్చేద్దాం. ఇంట్లో ఇన్ని ప్రాణాలు పోవడం నాకు నచ్చడం లేదు."

ఆయన కోపంతో అనలేదు. కోపంతో అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. జాలిగా అన్నారు, అదే నాకు తలకొట్టేసినట్టయింది. ఆ పెట్టె పోతే నేను మళ్లీ వంటింట్లోకి పోవాలి. నేర్చుకున్న విద్య నెల రోజుల ముచ్చటగా మిగిలిపోతుంది. ఇంకొక్క విడత, అంతే నాకున్న గడువు. గుడ్లు పెట్టేలోపు ఇంట్లోకి ఒక జనరేటరు రావాలి.

"జనరేటరు సంగతి నేను చూస్తాలే," అన్నారు బావగారు గుమ్మంతో.

చూశారు. మూడో రోజు పొద్దున్నే మా ఇంటి ముందు ఎద్దుబండి ఆగింది. బండి మీద పొలాల్లో నీళ్లు తోడే అయిదు హార్సుపవరు ఇంజను, దానికి తగిలించిన డైనమో. తెలిసినవాళ్లది, నచ్చితే తీసుకోమన్నారట. దింపడానికి నలుగురు కావాల్సి వచ్చింది. మా వైపు రైతులకు ఇంజనంటే చప్పుడే. ఏ పొలంలో ఎవరి ఇంజను నడుస్తోందో ఇంట్లో కూర్చుని చెవులతో చెప్పేస్తారు. ఎంత దూరం వినపడితే అంత గొప్ప. బావగారు హ్యాండిలు వేసి తిప్పించారు. ఇంజను దడదడలాడింది. వీధిలో వాళ్లంతా వచ్చి చూశారు. మా వసారాలో చెక్క మీదున్న ఇత్తడి బిందె కిందకి దూకింది.

నేను మిషను మీద గ్లాసుతో నీళ్లు పెట్టి అత్తగారిని పిలిచాను. గ్లాసులో నీళ్లు కుతకుతలాడినట్టు వణుకుతున్నాయి.

"పొదిగే గుడ్లకు అదురు తగలకూడదు అత్తయ్యా. దీన్ని పెట్టుకుంటే కరెంటు లేక కాదు, ఉండి చస్తాయి," అన్నాను.

"అది సరేలే. కరెంటు పోయేది పగటిపూట. అప్పుడు ఇంట్లో ఉండేది నువ్వూ నేనూ. ఆ హ్యాండిలు మనలో ఎవరు తిప్పుతాం?" అన్నారావిడ.

అంతలో ఆగిన ఇంజనును మళ్లీ లేపుదామని మా ఆయన తిప్పబోయారు. హ్యాండిలు వెనక్కి తన్ని మణికట్టు బెణికింది. సాయంత్రానికి అదే బండి మీద ఇంజను వెనక్కి వెళ్లిపోయింది. దాని చప్పుడు బాగుందని మాత్రం బావగారు వారం రోజులు చెప్పుకున్నారు.

తర్వాతి వంతు మా ఆయనది. చేతికి కట్టుతోనే బాపట్ల వెళ్లి, మా నాన్నను వెంటబెట్టుకుని, పెళ్లిళ్లకు మైకుసెట్లు అద్దెకిచ్చే ఒకతని దగ్గర చిన్న జనరేటరు చూసొచ్చారు. ఇద్దరు మనుషులు మోయొచ్చు, ఇరవై బల్బులు ధగధగా వెలిగించి చూపించాడు, రేపో మాపో తెచ్చేసుకుందాం అని సంబరంగా చెప్పారు. అత్తగారు వత్తులు చేసుకుంటూ విన్నారు.

"నువ్వు వెళ్లేసరికి అది నడుస్తోందా, ఆగి ఉందా?"

"నడుస్తోంది. వెలుగు చూడాలీ..."

"ఆపించి, కాసేపాగి మళ్లీ వేయమన్నావా?"

"లేదు. ఎందుకూ?"

"పొదుగు చూసి గేదెను కొనుక్కొచ్చే రకానివిరా నువ్వు," అన్నారావిడ, తల కూడా ఎత్తకుండా.

ఇక్కడ మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడ సంతకం తప్ప ఏమీ రాయలేరు. కానీ గేదెను కొనాలంటే కొల్లూరు అవతల లంకల నుంచి కూడా మనుషులొచ్చి ఆవిడను బండెక్కించుకుని తీసుకెళ్లేవాళ్లు. అమ్మేవాళ్లు చేసే మాయలన్నీ ఆవిడకు తెలుసు. ముందు పూట పాలు తీయకుండా వదిలేస్తే పొద్దునకు పొదుగు నిండుగా కనపడుతుంది. కొనేవాడు చెంబు నిండింది కదా అని మురిసిపోతాడు. అందుకని ఆవిడ వరసగా మూడు పూటలు దగ్గరుండి పాలు పిండించి చూసేవారు. అందులో ఒక పూట ఇకముందు పిండబోయే మనిషే పిండాలి. అమ్మేవాడి చేతికి అలవాటుపడ్డ గేదె మన చేతికి పాలివ్వకపోతే ఏం లాభం? ఇన్ని పరీక్షలు పెట్టే ఆవిడను చూసి అమ్మేవాళ్లు విసుక్కునేవాళ్లు. ఆవిడ పట్టించుకునేవారు కాదు.

"రేపు నేనూ అమ్మాయీ తెనాలి వెళ్తాం," అని వత్తులు డబ్బాలో పెట్టేశారు. మా ఆయన నోరు వెళ్లబెట్టారు. నేను మాత్రం ఆ క్షణమే సగం గెలిచాననుకున్నాను.

తెనాలిలో ఆ కొట్టు స్టేషనుకు దగ్గరే. ముందు వరసలో కొత్తగా రంగు వేసిన జనరేటర్లు మూడు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం. కొట్టాయన మర్యాదస్తుడు. బల్ల తుడిచి కూర్చోబెట్టాడు.

"రండమ్మా. మగవాళ్లెవరూ రాలేదాండి?"

మగవాళ్లు ఇంట్లో గుడ్లు పొదుగుతున్నారని నోటిదాకా వచ్చింది. మింగేశాను. అత్తగారు అవేమీ వినకుండా లేచి వెళ్లి, ఆ మూడింటి మీదా ఒక్కొక్కదాని మీద అరచెయ్యి పెట్టి చూశారు. ఎర్రదాని దగ్గర ఆగారు.

"ఇది వేడిగా ఉందేంటి బాబూ?"

"ఇందాక ఒకసారి తిప్పానండి."

"ఎందుకు?"

"ఎవరైనా చూడ్డానికొస్తే ఒక్క లాగుకే లేస్తుందండి. అందుకని పొద్దున్నే అన్నీ తిప్పి పెట్టుకుంటాం."

పాపం, అబద్ధం చెప్పలేదు. ఆ ఇంజన్లన్నీ ఒక తీరువే, ముందు పెట్రోలుతో లేచి, వేడెక్కాక కిరసనాయిలుతో నడుస్తాయి. చక్రానికి తాడు చుట్టి లాగాలి. వేడి మీదుంటే ఎవరు లాగినా లేస్తాయి.

"మా ఇంట్లో పొద్దున్నే తిప్పి పెట్టేవాళ్లెవరూ లేరు. చల్లగా ఉన్నప్పుడు ఎట్లా లేస్తుందో చూడాలి," అన్నారు అత్తగారు.

"చల్లారాలంటే చాలాసేపు పడుతుందండి."

"పడనీ. మా బండి సాయంత్రానికి గానీ లేదు."

ఆవిడ బల్ల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, సంచిలోంచి దిబ్బరొట్టె తీసి నాకో ముక్క పెట్టి, కొట్టాయనకో ముక్క ఇచ్చారు. ఆయన తీసుకున్నాడు, పాపం, ఇంకేం చేస్తాడు. రెండు గంటలు అట్లాగే కూర్చున్నాం. రోడ్డు మీద దుగ్గిరాల వైపు నుంచొచ్చిన పసుపు బస్తాల బళ్లు వెళ్తుంటే కొట్టంతా పసుపు వాసన. చల్లారాక ఎర్రదాన్ని లాగాడు. లేవలేదు. మళ్లీ లాగాడు. పద్నాలుగు లాగులకు చొక్కా తడిసిపోయింది గానీ ఇంజను దగ్గి ఊరుకుంది. నీలందీ అంతే. ఆకుపచ్చది తొమ్మిదో లాగుకు లేచింది గానీ, ఆయనలాంటి బలమైన మనిషి లాగితే లేచింది. చూడ్డానికి జనం పోగయ్యారు. కొట్టాయన మొహం చూస్తే నాకే జాలేసింది.

సరిగ్గా అప్పుడే బజారులో కరెంటు పోయింది. అన్ని కొట్లల్లోంచీ ఒకేసారి ఉసూరుమన్న చప్పుడు. రెండు నిమిషాలైందో లేదో, మా నెత్తి మీద ఫ్యాను మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. వెనక ఎక్కడో మెత్తగా, కుట్టుమిషను నడిచినట్టు ఒక చప్పుడు.

అత్తగారు చెవి రిక్కించారు. "అదేంటి?"

"మా ఇల్లు వెనకేనండి. ఇంట్లో ఆడవాళ్లు జనరేటరు వేసుకున్నట్టున్నారు."

"ఆడవాళ్లు వేసుకున్నారా?"

ఆ మాట అడిగేటప్పటికే ఆవిడ లేచి నిలబడ్డారు. ఆయన ఏదో అనేలోపు కొట్టు దాటి, నడవ దాటి, వెనక పెరట్లోకి వెళ్లిపోయారు. వెనకే నేను, నా వెనక పోగైన జనం. అక్కడ వసారాలో చిన్న జనరేటరు ఒకటి నడుస్తోంది. రంగంతా పోయింది. టాంకుకు సొట్ట. కొట్టాయన భార్య దాని పక్కన కూర్చుని నింపాదిగా చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది.

"దీన్ని నువ్వే లేపావా అమ్మాయ్?" అడిగారు అత్తగారు.

"నేనే పిన్నిగారూ. ఆయన కొట్లో ఉంటారు కదండీ."

అత్తగారు వెనక్కి తిరిగి కొట్టాయనతో అన్నారు, "బాబూ, మాకు ఇది కావాలి."

"అయ్యో, ఇది అమ్మేది కాదండి! మా ఇంటిదండి. పాతదండి."

"అమ్మేది కానిదే నాకు కావాలి. ఏ ఊళ్లో గేదెను కొన్నా నేను ముందు అడిగేది ఒక్కటే. సంతకు తోలేదాన్ని కాదు, మీ పిల్లలు ఏ గేదె పాలు తాగుతారో దాన్ని చూపించమంటాను."

జనంలో ఎవరో గట్టిగా నవ్వారు. కొట్టాయన బుర్ర గోక్కున్నాడు. ఆయన భార్య చిక్కుడుకాయల చేట పక్కన పెట్టింది.

"ఇది మీరు పట్టుకుపోతే నేనేం వేసుకోవాలి పిన్నిగారూ?"

"నీకేంటమ్మా, కొట్టు నిండా ఎర్రవీ పచ్చవీ ఉన్నాయి."

ఇక నేను ఆగలేకపోయాను. గుడ్ల సంగతంతా చెప్పేశాను. పదిహేడో రోజు, పంతొమ్మిదో రోజు, నిమ్మచెట్టు పక్కన గుంట, ఇంకొక్క విడతే గడువన్న మాట, అన్నీ. కొత్త మనుషుల ముందు అంతా చెప్పుకున్నందుకు సిగ్గేసింది కూడా. కొట్టాయన భార్య మొగుడి వైపు తిరిగింది.

"ఇచ్చేయండి. ఆ ఎర్రదాన్ని చల్లగా ఉన్నప్పుడు లేచేట్టు చేసి నాకు పెట్టండి. మీకూ పని నేర్చుకున్నట్టుంటుంది."

ఆ ఒక్క మాటతో బేరం తెగిందనుకుంటే పొరపాటు. జనరేటరు ఆపించి, చల్లారేదాకా ఆగి, నన్ను లాగమన్నారు అత్తగారు. కొంగు నడుముకు బిగించి, చక్రానికి తాడు చుట్టాను. నడవలో ఇరుక్కుని పదిహేను మంది చూస్తున్నారు. మొదటి లాగుకు తాడు ఊడొచ్చి నేను వెనక్కి తూలాను. రెండోసారి చిన్నగా దగ్గింది. కొట్టాయన భార్య నా చెయ్యి పట్టుకుని, "అట్లా గుంజకండి వదినా. మజ్జిగ చిలికేటప్పుడు కవ్వం తాడు ఎట్లా లాగుతారు? మొదట మెల్లగా, చివర విసురుగా," అంది. మూడోసారి అట్లాగే లాగాను. లేచింది. నా చేతికి లేచింది! అంతమంది ముందు పగలబడి నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుర్తుంది.

బయల్దేరే ముందు ఆవిడే ఇంకో కిటుకు చెప్పింది. ముసురు పట్టినప్పుడు ఇది మొండికేస్తుందట. అప్పుడు ప్లగ్గు విప్పి, తుడిచి, కుంపటి మీద వెచ్చబెట్టి బిగించాలట. ప్లగ్గు ఎక్కడుంటుందో, ఏ పానా పడుతుందో చూపించి, నా చేత రెండుసార్లు విప్పించింది. కొట్టాయన గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. అత్తగారు ఇచ్చిన డబ్బు తీసుకుని, మూడుసార్లు కరెంటు పోయేదాకా ఉంచుకుని, నచ్చకపోతే తెచ్చివ్వండి అన్నాడు. ఇట్లాంటి ఒప్పందం తన కొట్లో ఎప్పుడూ జరగలేదట.

గోనెసంచి చుట్టిన జనరేటరును రేపల్లె ప్యాసింజరులో కాళ్ల దగ్గర పెట్టుకుని వచ్చాం. వేమూరులో ఎక్కిన ఒకావిడ అదేంటని అడిగింది. "పాడిదమ్మా," అన్నారు అత్తగారు. ఆవిడ కాళ్లు దగ్గరికి లాక్కుంది.

ఇంట్లో దాన్ని చూసి బావగారి మొహం చిన్నబోయింది. "ఈ చప్పుడేంటి, పిల్లి గురక పెట్టినట్టు," అన్నారు గోడతో. వారం లోపల మూడుసార్లు కరెంటు పోయింది. మూడుసార్లూ నేనే లాగాను, అత్తగారు పక్కన నిలబడి లాగులు లెక్కపెట్టారు. మూడు, రెండు, రెండు. మూడో పూట అయ్యాక ఆవిడ దానికి కుంకుమ బొట్టు పెట్టి, పాత తాడు తీసేసి, కొత్తగా పేనిన నూలు తాడు కట్టారు. కొత్త గేదెకు కొత్త పలుపు కట్టడం మా ఇంట పట్టింపు. బల్బులకు వైరు లాగుదామన్నారు మా ఆయన. "ఒక్క బల్బు కూడా వద్దు. ఇది గుడ్లది," అన్నారావిడ. ఆ మర్నాడే నేను నూట ఎనభై గుడ్లూ పేర్చాను.

ఇరవయ్యో రోజు తెల్లవారుతుండగా గాలి మొదలైంది. వానతో కలిసి ఊరంతా ఊపేసింది. కరెంటు పోయింది. స్తంభాలు పడిపోయాయని, రెండు రోజుల దాకా రాదని ఎవరో చెప్పి వెళ్లారు. మా ఆయన పని మీద వెళ్లి తెనాలిలో చిక్కుబడిపోయారు. బావగారు పొలానికి వెళ్లారు. పిల్లలు సెలవులకు బాపట్లలో మా అమ్మ దగ్గరున్నారు. ఇంట్లో అత్తగారూ, నేనూ, గుడ్లూ. మిషను తలుపుకు చెవి ఆనిస్తే లోపల సన్నగా కిచకిచ వినపడుతోంది. గుడ్లల్లోంచే అరుస్తున్నాయి పిల్లలు.

తాడు చుట్టి లాగాను. లేవలేదు. అయిదు, పది, పదిహేను. అరచేతులు బొబ్బలెక్కాయి. వసారాలోకి జల్లు కొడుతోంది. థర్మామీటరు మెల్లగా దిగుతోంది. నేను ఏడుస్తున్నానో, వాన తడో నాకే తెలియలేదు. అప్పుడు కొట్టాయన భార్య చెప్పింది గుర్తొచ్చింది. పానా తెచ్చి ప్లగ్గు విప్పాను. అత్తగారు అప్పటికే కుంపటి రాజేశారు. పట్టకారుతో ప్లగ్గు పట్టుకుని అప్పడం కాల్చినట్టు అటూ ఇటూ తిప్పి వెచ్చబెట్టాను. గుడ్డతో పట్టుకుని బిగించాను. మొదట మెల్లగా, చివర విసురుగా.

ఒక్క లాగుకు లేచింది.

అత్తగారు దాని టాంకు మీద తట్టి, "నా తల్లే," అన్నారు. గేదె పాలు చేపినప్పుడు కూడా సరిగ్గా అట్లాగే అనేవారు.

అక్కణ్నుంచి గంట నడిపి, అరగంట ఆపి, ఆపినప్పుడు మిషనుకు గొంగళ్లు కప్పి, వేడి నిలబెట్టాం. మధ్యాహ్నానికి డబ్బాలో కిరసనాయిలు అయిపోయింది. తడుస్తూ పోయి చూస్తే కొట్లన్నీ మూసి ఉన్నాయి. ఇంటికొచ్చి లాంతర్లు విప్పాం. పడమటింటి లాంతరు, వంటింటి బుడ్డి, దేవుడి దగ్గరి చిన్న దీపపు బుడ్డి, ఉన్నవన్నీ ఒంపేశాం. చీకటి పడేసరికి మా ఇంట్లో దీపమన్నది లేదు.

అప్పుడు బావగారు వచ్చారు, నడుము దాకా బురదతో, చేతిలో పొలానికి తీసుకెళ్లే లాంతరుతో. గుమ్మంలో ఆగిపోయారు.

"ఇల్లంతా చీకటేంటమ్మా? దీపం పెట్టలేదేం?"

"ఉన్న కిరసనాయిలంతా దాంట్లో పోశాంరా," అన్నారు అత్తగారు.

ఆయన వసారాలోకొచ్చారు. చాలాసేపు ఆ జనరేటరు చప్పుడు విన్నారు. తర్వాత వంగి మిషను తలుపుకు చెవి ఆనించారు. లోపల కిచకిచ పొద్దుటికంటే గట్టిగా ఉంది. ఏమనుకున్నారో తెలియదు. లేచి, చేతిలో లాంతరు ఉఫ్‌మని ఊదేసి, మూత విప్పి, చీకట్లో నా వైపు చాచారు.

"పొయ్యమ్మా," అన్నారు.

గోడతో కాదు. గుమ్మంతో కాదు. నాతో. కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట అది. లాంతరు అందుకుని టాంకులో ఒంపుతుంటే కొంచెం కిరసనాయిలు కింద ఒలికింది. ఆయన మళ్లీ వానలోకి దిగి, ఏ ఇంట్లో అడిగారో, రెండు సీసాలు తెచ్చారు. రాత్రికి వంతులేసుకున్నాం. తన వంతు అయిపోయినా ఆయన లేవలేదు.

పొద్దునకు మొదటి పెంకు పగిలింది. అద్దంలోంచి చూస్తే తడి తడిగా, నిలబడలేక పడిపోతూ ఒక పిల్ల. దాని పక్కన ఇంకోటి. మధ్యాహ్నానికి ట్రేలన్నీ కదులుతున్నాయి. నూట ముప్పై ఏడు. నేను మూడుసార్లు లెక్కపెట్టాను, బావగారు నాలుగోసారి లెక్కపెట్టారు. పసుపు రంగు ముద్దలు ఇల్లంతా అరుస్తుంటే ఆయన వాటి మధ్య బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. పంచె పాడుచేస్తున్నా ఊరుకున్నారు. కరెంటు సాయంత్రం వచ్చింది. ఎవరం పట్టించుకోలేదు.

ఆ పెట్టె ఇల్లు దాటలేదు. ఇంకో ఆర్నెల్లకు దానికి జతగా రెండోది కూడా వచ్చింది, దాన్ని బావగారే వెతికి తెచ్చారు. నేను లంకల దాకా కోడిపిల్లలను అమ్మి పంపించాను. చప్పుడు గొప్ప గురించి ఆయన మళ్లీ మాట్లాడలేదు. ఎవరైనా ఇంటికొస్తే మాత్రం జనరేటరు దగ్గరికి తీసుకెళ్లి, "చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉందా? ఇప్పుడు చూడండి," అని నన్ను పిలిచి లాగించేవారు.

ఆ మొదటి పిల్లలు బయటికొచ్చిన పక్షం రోజులకు అత్తగారూ నేనూ ఒక గంపలో ఆరు కోడిపిల్లలను పెట్టుకుని తెనాలి వెళ్లాం. కొట్టాయన భార్యకని. ఆవిడ వాటిని ఒళ్లో పోసుకుని మురిసిపోయింది. గాలివాన సంగతి, ప్లగ్గు సంగతి, బావగారి లాంతరు సంగతి చెబితే కళ్లు తుడుచుకుంది. టిఫిన్ పెట్టింది. అంతలో బజారులో కరెంటు పోయింది. ఆవిడ లేచి ఎర్ర జనరేటరు దగ్గరికెళ్లి లాగింది. లాగింది. లాగింది. చెమటలు కక్కుతూ వెనక్కొచ్చి, మా అత్తగారి పక్కన కూలబడింది.

"పిన్నిగారూ, దీనితో నా భుజాలు పోయాయి. మీకు కొత్తది, మంచిది ఏది కావాలంటే అది ఇప్పిస్తాను. నా పాతది నాకిచ్చేయండి."

అత్తగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, ఆవిడ భుజం నిమిరి, ఎంతో ప్రేమగా అన్నారు.

"అది అమ్మేది కాదమ్మా. మా ఇంటిది."